చెల్లె జాడ

పాత జనాభా లెక్కల్లో కనిపించిన మనిషిని పదేళ్ల తర్వాతి లెక్కల్లో వెతికి, ఇద్దరూ ఒకరేనని కలపడం నర్మద పని. నారాయణగూడలో ఒక పరిశోధన సంస్థ ఆ పని ఇచ్చింది. ఆమె గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటోంది. ఆ హాస్టల్ ఊడ్చే ఆశమ్మ ఈ సంగతి విని దగ్గరికొచ్చింది.

“మాది పాలమూరు దిక్కు బిడ్డా. చిన్నప్పుడు డ్యాం పనికి పోయినకాడ మా చెల్లె తప్పిపోయింది. ఎవరన్న సాదుకుంటే ఆళ్లింట్ల లెక్కకెక్కి ఉంటది గద. జర సూడు.”

చెల్లె పేరు, వయసు సరిచూసుకోవడానికి నర్మద ముందుగా ఆశమ్మ సొంతూరి కాగితాలు తీసింది. ఆ సాయంత్రం హాస్టల్‌కు పరుగున వచ్చింది.

“అక్కా, దొరికింది! తప్పిపోయిన తర్వాతి లెక్కల్ల మీ ఇంట్లనే ఉన్నది. ఆ తర్వాత గూడ ఉన్నది. పేరు, వయసు అన్నీ కలిసినయ్. నువ్వు పట్నం వచ్చినంక తిరిగొచ్చిందేమో!”

ఆశమ్మ చీపురు పక్కన పెట్టింది.

“రాలే బిడ్డా. అది మా అమ్మ రాయించింది. లెక్కలోళ్లు ఎప్పుడొచ్చినా చెల్లె పేరు గూడ చెప్పేది. వయసు పెంచుకుంట చెప్పేది. సచ్చేదాక గట్లనే.”

నర్మద తాను రాసుకొచ్చిన కాగితం మళ్లీ చూసుకుంది.

“తప్పిపోకముందు లెక్కల్ల ఉన్న చెల్లె, తర్వాతి లెక్కల్ల ఉన్న చెల్లె ఒకరేనని కలిపేసిన అక్కా. రేపు పోయి తీసెయ్యాలె.”

ఆశమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు బిడ్డా. ఆ కాగితాలల్ల తప్ప అది ఇంకెక్కడ లేదు.”