చిన్న గీతే

డ్రోన్ రెక్క అంచు వెంబడి గోరు పెట్టి లాగిన ఫొటోగ్రాఫర్ భార్య ఒకచోట టక్కున ఆగిపోయింది.

“గోరు తగులుతోందండీ. గాటు పడింది, మార్చేయండి.”

“గాటు కాదు, గీత,” అన్నాడు ఫొటోగ్రాఫర్. డ్రోన్ ఎగరేయడంలో ఆయనకు మూడేళ్ల అనుభవం. పెళ్లాం మాట పెడచెవిన పెట్టడంలో పదమూడేళ్లు. “ప్రతి గీతకూ రెక్కలు మార్చుకుంటూ కూర్చుంటే కాకి కూడా ఎగరదు.”

“కొత్తవి డబ్బాలోనే ఉన్నాయిగా?”

“అవి పెద్ద ప్రోగ్రాములకు. ఇది బళ్లో ఆటల పోటీ.”

మైదానంలో మూడొందల మంది పిల్లలు వరసల్లో కూర్చుని, అదెప్పుడు ఎగురుతుందా అని మెడలు సాచి చూస్తున్నారు.

“గాల్లో విరిగిపోతే?”

“విరగదు. విరిగినా సరిగ్గా పిల్లల నెత్తినే పడాలని రూలేం లేదు.”

“మన చంటిది మొదటి వరసలో ఉంది.”

ఆయన చటుక్కున తలెత్తాడు. “ముందే చెప్పొద్దూ? వెళ్లి దాన్ని వెనక మెట్ల మీద కూర్చోబెట్టు.”

ఆవిడ కదల్లేదు.

“దాన్నొక్కదాన్నేనా?”

కాకులూ, గీతలూ ఏవీ ఆయన సాయానికి రాలేదు. బ్యాటరీ తీసి, రెక్కను కిందికి నొక్కి తిప్పి ఊడదీశాడు. ఆవిడ డబ్బాలోంచి కొత్త జత అందించింది.

“ఇంకా మొదలెట్టలేదేంటండీ?” దూరం నుంచి ఆటల మాస్టారు అరిచాడు.

“ఐదు నిమిషాలు మాస్టారూ!” భార్య వైపు చూడకుండా అన్నాడు ఫొటోగ్రాఫర్. “రెక్కకు గాటు పడింది.”