గ్యాల్జెన్ పరుగు

సైరన్ కూయగానే గ్యాల్జెన్ పరుగు అందుకున్నాడు.

పైన మంచు సరస్సు. కింద మా ఊరు చుకర్మా. మధ్యలో నది, నది వెంబడే దారి. ఎండలకు మంచు కరిగి ఆ సరస్సు ఏటికేడు ఉబ్బుతోంది. గట్టు తెగిందంటే ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోతుంది. చుట్టుపక్కల గ్యాల్జెన్ కాళ్లకు సాటి వచ్చే కాళ్లు లేవని అతన్నే ఏరికోరి పైన నిలబెట్టారు.

"ఎక్కడా ఆగకు. ఎవరి కోసమూ ఆగకు. మీ అమ్మ ఎదురొచ్చినా సరే," అని విపత్తుల ఆఫీసు నుంచి వచ్చిన సుబేదీ సారు ముందే గట్టిగా చెప్పాడు.

గ్యాల్జెన్ బెంగంతా ఆ అమ్మ గురించే. ఫుటీ అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇల్లేమో ఏటి ఒడ్డున. బౌద్ధ మఠం ఉన్న గోంపా మిట్ట ఎక్కితే గాని ప్రాణానికి భరోసా లేదు.

మలుపులో దోమా టీ కొట్టు. ఇద్దరు మోతగాళ్లు తీరిగ్గా ఎండలో కూచుని ఉడికిన బంగాళాదుంపలు ఒలుచుకుంటున్నారు.

"ఒరే గ్యాల్జెన్! ఓ గుక్క టీ తాగి పోరా!"

"టీ నీ మొహానికి! వాడు ఇక్కడిదాకా వచ్చేశాడు, ఇంకా కూచున్నారేంటి? లేవండి!" అని అరుస్తూ దోమా కెటిల్ పడేసి కొండెక్కింది. వాళ్లిద్దరూ దుంపలు వదిలేసి ఆమె వెంటపడ్డారు.

గ్యాల్జెన్ ఆగలేదు. అమ్మా, బయల్దేరావా? పొయ్యి ఆర్పకపోతే మానె. ఆవుల్ని వదిలెయ్. నీకు దండం పెడతాను, నడువు తల్లీ!

ఊరు కనిపించింది. ఇళ్లన్నీ ఖాళీ. జనమంతా మిట్ట మీద నిలబడి ఒకటే కేకలు.

"అత్తా, ఇటు! ఇటు! అయ్యో, అటు కాదే!"

మిట్ట మొదట్లో మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఉంది. మాలో ఎవరైనా దాన్ని కుడిచేతి వైపు ఉంచుకునే నడుస్తారు. ఎడమచేతి వైపు పెట్టుకుంటే నాలుగడుగుల్లో మెట్లు అందుతాయి. కుడివైపైతే గోడ పొడవునా చుట్టి రావాలి. ఫుటీ అమ్మ జపమాల తిప్పుకుంటూ, కుంటుకుంటూ, చుట్టూ తిరిగే వస్తోంది. ఏం చెప్పాలి ఆ మహాతల్లికి!

"పాపమొస్తే మాకొస్తుంది, అడ్డంగా వచ్చెయ్ అత్తా!"

"నోర్ముయ్! ఈ వయసులో అప్రదక్షిణంగా నడవమంటావా?"

గ్యాల్జెన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వేగం తగ్గించలేదు. బుద్ధెరిగాక మొదటిసారి ఆ గోడను ఎడమచేతి వైపు పెట్టి దూసుకుపోయాడు. అమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతుండగా ఆమె భుజం పట్టుకున్నాడు.

పైన కేకలు ఆగిపోయాయి.

"ఏడుస్తావేంట్రా పిచ్చి నాయనా! పద, చెయ్యి పట్టుకుని ఎక్కించు," అంది ఫుటీ అమ్మ రొప్పుతూ.

గ్యాల్జెన్ కదల్లేదు. అమ్మను పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

సుబేదీ సారు ఈల ఊది, మిట్ట దిగి వచ్చి, తల వంచుకుని, "నువ్వు మునిగిపోయావు ఫుటీ అమ్మా... ఇవాళ్టి మాక్ డ్రిల్‌లో వరద మీ అబ్బాయే," అన్నాడు.