రెండో కొడవలి

తెల్లారితే, భూమయ్యకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ దోస్తులు బాతుల వేటకు వస్తారు. పైన తిరిగే బాతులకు నీళ్లు కనబడాలంటే బనియాస్ ఊరవతలి మడుగునిండా పెరిగిన జమ్ము కోసెయ్యాలి. చీకటి పడ్డా భూమయ్య నడుంలోతు నీళ్లలో కోస్తూనే ఉన్నాడు. నడిమి గుబురు జోలికి మాత్రం పోవద్దని, పని చేయించే ముదీర్ పొద్దున్నే గట్టిగా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

సర్రు... సర్రు.

భూమయ్య కొడవలి ఆపాడు. చప్పుడు ఆగలేదు. అది నడిమి గుబురులోంచి వస్తోంది. తోటి కూలీ ఇమామ్ హుస్సేన్ చాయ్ తెస్తానని ఇందాకే గట్టెక్కాడు.

"ఇమామూ, నాతోని పరాష్కాలా?" అని కసిరాడు.

జమ్మును చీల్చుకుంటూ ఒక మోపు తేలి వచ్చి అతని పొట్టకు తగిలింది. కోసిన మొదళ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. జమ్ముతోనే పురి పెట్టి కట్టిన కట్టు. పురి ఎడమకు తిరిగి ఉంది.

వరికోతల్లో అలా కట్టేవాడు వాళ్ల ఊళ్లో ఒక్కడే, ఎడమచేతి రాజలింగం. పోయిన చలికాలం ఈ మడుగు కోసిందీ అతనే. వీసా కాన్సిల్ చేసుకుని ఇంటికి పోయాడని ముదీర్ అన్నాడు. ఇంటికాడ గౌరవ్వ మాత్రం మొగుడి కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

గట్టు మీద బండి ఆగింది. ఇమామ్ హుస్సేన్ గొంతు వినిపించింది.

"భూమన్నా! నువ్వొక్కనివే కదా ఆడ ఉండేది? రెండో కొడవలి చప్పుడు ఎవరిదని ముదీర్ అడగతా ఉండాడు!"

భూమయ్య తన కొడవలి పైకెత్తి చూపించాడు.

ముదీర్ టార్చి వేశాడు. ఆ వెలుతురు భూమయ్యను వెతకలేదు. సూటిగా నడిమి గుబురు మీదికి పోయి, అక్కడే నిలబడింది.