కూతురి కళ్ళు

“ఇన్ని కొత్త మిషన్లు వచ్చేయి కదండీ, మా నాన్నగారికి కాస్తయినా చూపు రప్పించలేరాండీ?” సువార్త డాక్టరమ్మ చేతులు పట్టుకుంది.

“గ్లకోమా వల్ల కంటినరం ఎండిపోయిందమ్మా. పోయిన చూపు ఏ ఆపరేషనూ తేలేదు.”

రాజోలులో ముప్పయ్యేళ్లు బట్టలు కుట్టిన సువార్త తండ్రి సాలమోనుకి ఇక బతికేం లాభమనిపించింది.

“ఇది వంశంలో వస్తుంది. నువ్వూ పరీక్ష చేయించుకో.”

“నాకు బాగానే కనబడుతుందండీ.”

“మీ నాన్నగారికీ మొదట్లో అలాగే కనబడింది.”

కూతురి కళ్ళకి స్కానింగు తీసేదాకా సాలమోను అక్కడే కూర్చున్నాడు.

“నీకూ మొదలైందమ్మా. తొందరగానే బయటపడింది. రోజూ మందు చుక్కలు వేసుకుంటే చూపు నిలబడుతుంది.”

సువార్త ఏడుపు వినబడింది. సాలమోను తడుముకుంటూ వెళ్లి కూతురి భుజం పట్టుకున్నాడు.

“ఏ వేళకి వెయ్యాలో నాకు చెప్పండి డాక్టరుగారూ. రోజూ నేను గుర్తుచేస్తానండి.”