ఒంటరి ప్లేటులో ఎర్ర చుక్కలు

“దీంట్ల కొవ్వు ఎట్లొచ్చింది కరుణా?”

మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే అడిగారు గైడ్ నరహరి సార్. దసరా కదా, యూనివర్సిటీ అంతా బోసిపోయి ఉంది. ల్యాబులో పెంచే కణాలకు పండగా పబ్బం తెలియవు కనుక, తార్నాకలో అమ్మ చేస్తున్న భక్షాలు వదిలేసి వచ్చింది కరుణ. వచ్చినందుకు ఇదా ఫలితం?

ఆమె పీహెచ్‌డీ అంతా రెండు ప్లేట్ల మీద నిలబడి ఉంది. ఒకదాంట్లో క్యాన్సర్ కణాల పక్కనే కొవ్వు కణాలను పెంచింది. రెండోదాంట్లో క్యాన్సర్ కణాలు ఒంటరిగా పెరిగాయి. పొరుగున ఉన్న కొవ్వును లాక్కుని, దాన్ని తిని క్యాన్సర్ బలుస్తుందని కరుణ వాదన. కొవ్వుకు మాత్రమే పట్టే ఎర్రరంగు వేస్తే మొదటి ప్లేటులో చుక్కలు కనబడాలి, రెండోదాంట్లో కనబడకూడదు. తీరా చూస్తే ఒంటరి ప్లేటు నిండా కూడా ఎర్ర చుక్కలే. అంటే ఆ కొవ్వును క్యాన్సర్ తనే తయారు చేసుకుంటున్నట్టు. పొరుగుతో దానికి పనే లేనట్టు. నెలాఖరుకు ఇవ్వాల్సిన థీసిస్ గంగలో కలిసినట్టు.

ప్లేట్లు తారుమారయ్యాయేమో అన్నారు సార్. కాలేదంది. రంగు సరిగా కడగలేదేమో అన్నారు. ఒకటికి రెండుసార్లు కడిగానంది. ఆయన లేచి కుర్చీ ఇచ్చారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

కూర్చుని తనూ చూసింది. ప్లేటును కొంచెం పక్కకు జరిపింది. కణాలు జరిగాయి. చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అనుమానం వచ్చి, కన్ను ఆనించే గొట్టాన్ని మెల్లగా తిప్పింది. ఈసారి చుక్కలు తిరిగాయి.

మెత్తటి కాగితంతో ఆ గొట్టం అద్దం తుడిచింది. కాగితం ఎర్రబడింది.

“సార్, ఇది కొవ్వు గాదు. కుంకుమ.”

మళ్లీ చూసింది. ఒంటరి ప్లేటులో ఒక్క చుక్క లేదు. మొదటి ప్లేటు పెట్టింది. అందులో కణాల లోపల బొట్లు బొట్లుగా కొవ్వు, ఎంత ముద్దుగా ఉందో. ప్రాణం లేచొచ్చింది. క్యాన్సర్ కణాలను చూసి అంతగా సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు.

అప్పుడు కనబడింది, గొట్టం మీద బొట్టు. ఆయుధపూజ. ఇది అటెండరు సమ్మయ్య పనే అయ్యుంటుంది అనుకుంది. సార్‌కు ల్యాబులో అగరొత్తి వాసన కూడా గిట్టదు. పండగపూట పాపం సమ్మయ్యకు చీవాట్లు తప్పవు.

“సమ్మయ్యను ఏమనకుండ్రి సార్, తెల్వక పెట్టిండు.”

నరహరి సార్ కళ్లజోడు తీసి, తుడిచిందే మళ్లీ తుడిచారు.

“సమ్మయ్య ఊరికి పోయిండమ్మా. నీ రిజల్ట్ మంచిగ రావాలని పొద్దుగాల నేనే పెట్టిన.”