దానంతటదే నడిచే గది

అయినా మనిషి లేకపోతే పని ఆగిపోతుందని ఎవరన్నారు? ఈ లైబ్రరీనే చూడండి!

రిటైరైన ఆడిటరు మనసులో ఆ వాక్యం పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉంది. వచ్చే వారం సభలో ఉపన్యాసం దాంతోనే మొదలుపెట్టాలి.

ఖర్చులు తగ్గించమని ప్రభుత్వం ఓ మిల్లు యజమానిని సలహాదారుగా పెట్టుకుంది. ఆయన మాట మీద ఇక్కడి లైబ్రేరియన్ ఉద్యోగం పోయింది. ఆడిటరు ఈ ఊరొచ్చింది ఆ తర్వాతే. పక్క ఆఫీసు వాచ్‌మన్ తాళం తీసి పోతాడు, అంతే. అయినా ఒక్క పుస్తకం చోటు తప్పదు. మిగతా లైబ్రరీల్లోనూ ఇలా మనిషిని తీసేయాలా అన్నది ఆ సభలో తేలుతుంది.

"కత్తెర పట్టినవాడికి కుట్టడమూ రావాలి బావా," అన్నాడు ఎప్పట్నుంచో ఈ ఊళ్లోనే దర్జీగా ఉన్న బావమరిది. "మిల్లాయన అందరికీ తన ఒంటి కొలతలే పెడుతున్నాడు."

"నీకు దేశం కూడా చొక్కాలాగే కనిపిస్తుందిరా. ఈయన్నడుగుదాం. ఏమంటారు మాస్టారూ?"

కిటికీ పక్కన రోజూ కూర్చునే కళ్లజోడాయన తలెత్తాడు.

"గది బాగుంది కదండీ, అది చాలు."

"విన్నావా? మన పార్టీయే!"

బావమరిది కళ్లజోడాయన వంక ఓసారి చూసి, పేపరు తెరిచాడు.

మర్నాటి నుంచి కళ్లజోడాయన రాలేదు.

సభ రోజు పొద్దున ఆడిటరు వచ్చేసరికి వంటల పుస్తకం న్యాయశాస్త్రం మీద పడుకుని ఉంది. గోడ గడియారం ఆగింది. తను సగం చదివిన నవల రోజూ తన కుర్చీ ముందే, ఆగిన పేజీలో చీటీతో ఉండేది. తనే పెట్టుకుంటున్నాననుకునేవాడు. ఇవాళ అది లేదు.

"ఏమైందిరా ఈ గదికి? ఆ కళ్లజోడాయనైనా చూశాడేమో, ఏడీ?"

"చెల్లెలి ఊళ్లో ప్రెస్సులో పని దొరికింది బావా. సంబరంగా వెళ్లాడు."

"మంచిదే. మరి ఇక్కడ..."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇంక వెళ్లిపోయాడుగా. మిల్లాయన తీసేసిన లైబ్రేరియన్ ఆయనే."

ఆడిటరుకి సిగ్గేసింది. దాని వెనకే, ఇన్నాళ్లూ తన పేజీని ఒకరు గుర్తుపెట్టుకున్నారన్న హాయి.

జేబులోంచి ఉపన్యాసం కాగితాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, వాటితో అల్మరా మీది దుమ్ము తుడవసాగాడు.