అడగని నొప్పి

నసీమున్నీసా చెయ్యి విసిరింది. నర్సు చేతిలోని ట్రే ఎగిరి గోడకు తగిలింది.

"మళ్ళీ కొట్టింది! చేతులు కట్టండయ్యా. లేకపోతే మావల్ల కాదు."

కొడుకు షానవాజ్ ఆమె చేతులు రెండూ మంచం ఊచలకు కట్టేశాడు. కడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

అతని భార్య నస్రత్ గోడవారగా నిలబడి చూస్తోంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అత్త ఆమె మీద గొంతెత్తి ఎరగదు. దాచేపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో, మిరపకోతకు వచ్చిన కూలీలకు వడ్డించాకే తను తినే మనిషి.

నాలుగేళ్ళ కిందట మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట పేర్లు పోయాయి. తర్వాత మనుషులు పోయారు. ఈ వేసవిలో నడక కూడా పోయింది. ఇప్పుడు ఒంటిమీద చెయ్యి వేస్తే చాలు, కొడుతోంది, కరుస్తోంది. అందుకే గుంటూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు.

కుర్ర డాక్టరు వచ్చి మంచం మీదికి వంగాడు.

"అమ్మా, ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"లేదు నాయనా. బస్సొచ్చిందా?"

డాక్టరు నిట్టూర్చాడు. "జబ్బు ముదిరిందండీ. కుదురుగా పడుకోవటానికి మాత్రలు రాస్తాను."

ఆయన అటు వెళ్ళగానే ఒక బక్కపల్చటి ముసలామె మంచం దగ్గరికి వచ్చింది. పేరు వెంకటరావమ్మట, దర్శి వైపు మనిషి. వచ్చిన రోజు నుంచీ నస్రత్ ఆమెను చూస్తూనే ఉంది. గోడ పట్టుకుని నెమ్మదిగా వార్డులన్నీ తిరుగుతూ ఒకరికి మంచినీళ్ళు అందిస్తుంది. ఇంకొకరికి విసనకర్రతో విసురుతుంది.

"మీ అత్తకి నొప్పిగా ఉందమ్మాయ్," అంది.

"లేదందిగా పెద్దమ్మా."

"చెప్పటానికి ఆ మాట గుర్తుండొద్దూ? మాట మర్చిపోయింది గానీ నొప్పి యాడికి పోద్ది? అడగబాక. పక్కకి తిప్పేటప్పుడు మొహం చూడు."

షానవాజ్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"డాక్టరు చెప్పాక మధ్యలో మీరేంటండీ? వెళ్ళి మీ వాళ్ళని మీరు చూసుకోండి."

ఆమె చిన్నగా నవ్వి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దుప్పటి మార్చేటప్పుడు నస్రత్ అత్త మొహం మీంచి చూపు తిప్పలేదు.

ఎడమవైపు తిప్పితే ఏమీ లేదు. కుడివైపు తిప్పగానే కనుబొమలు ముడిపడ్డాయి. పళ్ళు బిగుసుకున్నాయి. ఊపిరి ఆగింది. ఆ తర్వాతే కట్టిన చెయ్యి గింజుకుంది.

"ఇది కోపం కాదండీ," అంది భర్తతో.

"నువ్వు కూడా డాక్టరువైపోయావా?"

ఆ రాత్రి నస్రత్ అత్తకు మాత్రలు వెయ్యలేదు. మర్నాడు డాక్టరు రాగానే ఎదురెళ్ళి నిలబడింది.

"నిద్రమాత్ర వెయ్యలేదండీ. ఇక ముందూ వెయ్యను."

"ఎందుకని?"

"ఆ కొట్టే ఓపిక కూడా లేకుండా చేస్తే, నొప్పని ఇంక ఎట్టా చెప్పుద్దండీ మా అత్త?"

షానవాజ్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. "నస్రత్, ఊరుకో!"

"ఊరుకోను. డాక్టరుగారూ, మీరేమీ అడగొద్దు. ఒక్కసారి చూడండి, చాలు."

గబగబా కట్లు విప్పింది. అత్త నడుం కింద చెయ్యి వేసి కుడివైపు తిప్పింది. ఫెడీమని చెంప మీద దెబ్బ పడింది. నస్రత్ మొహం పక్కకు జరపలేదు.

"చూశారా? కాలు కదిలినప్పుడే."

డాక్టరు కుడి తుంటి మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. నసీమున్నీసా పెట్టిన కేకకు వార్డంతా ఇటు తిరిగింది.

"వెంటనే ఎక్స్‌రే తీయించండి," అన్నాడు డాక్టరు. నస్రత్ వైపు తిరిగి, "ఇది నాకే తట్టాల్సిందమ్మా," అన్నాడు.

తుంటి ఎముక విరిగి ఉంది.

ఎప్పుడో జారిపడింది. పడిన సంగతి తను మర్చిపోయింది. ఇంట్లో ఎవరూ చూడలేదు. జబ్బు వల్ల నడక మర్చిపోయిందనుకున్నారంతా.

"ఆ కాలు పట్టుకునే గదే రోజూ ఎత్తి కూర్చోబెట్టాను అమ్మని," అంటూ షానవాజ్ నేల మీద కూలబడ్డాడు.

మళ్ళీ చేతులు కట్టలేదు. అడిగితే ఇద్దామని చూడకుండా, వేళకి నొప్పిమందు ఇవ్వమని డాక్టరు నర్సులకు చెప్పాడు.

ఇంజెక్షన్ పనిచేశాక నసీమున్నీసా పిడికిళ్ళు విడిపోయాయి. కళ్ళు తెరిచి కోడల్ని పరకాయించి చూసింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ చెంప అట్టా కందిపోయిందేంటి?"

అదే చేత్తో ఆ చెంప నిమిరింది.

"అన్నం తిన్నావా తల్లీ?"

నస్రత్ ఆ చేతిని అలాగే చెంపకు ఆనించుకుంది.

ఆపరేషన్ హడావిడిలో వెంకటరావమ్మ వాళ్ళకు గుర్తే రాలేదు. అంతా కుదుటపడ్డాక షానవాజే అన్నాడు.

"ఆ పెద్దమ్మని కసిరాను. ఒకసారి కనబడి వద్దాం పద."

బత్తాయిలు కొని, వార్డు తర్వాత వార్డు వెతుక్కుంటూ వెళ్ళారు. చివరి వార్డులో ఒక నర్సు ఖాళీ మంచం మీద పరుపు చుడుతోంది.

"సిస్టర్, వెంకటరావమ్మగారని, ఎవరో పేషంటుకి తోడుగా ఉంటారు. ఎక్కడున్నారండీ?"

నర్సు చేతులు ఆగిపోయాయి.

"ఈ పొద్దున పోయిందండీ," అంది. "తోడుగా రాలేదు... ఎముకల నిండా కేన్సరుతో ఈ మంచం మీదున్న పేషంటు ఆమే."